నర్సయ్య రెక్కలు

క్రైస్ట్‌చర్చ్‌లో ఒక తెలుగాయనకి రెక్కలు మొలిచాయన్న కబురు మీ దాకా వచ్చే ఉంటుంది. ఆ కబురు ఆక్లండ్ చేరేసరికి ఆయన కొండమీంచి ఎగిరి సముద్రంలో పడ్డాడట. పామర్‌స్టన్ నార్త్‌లో ఉండే మా తోడికోడలి చెల్లెలు విన్నదాంట్లో అయితే, చర్చి గోపురం మీద వాలితే పోలీసులు నిచ్చెన వేసి దింపారట. ఆ గోపురం భూకంపానికే కూలిపోయింది కదా, ఇంక దేనిమీద వాలాడమ్మా అని నేనడిగితే ఫోన్ పెట్టేసింది.

అసలు సంగతి నాకు తెలుసు. ఆయన పాలూ బ్రెడ్డూ కొనేది మా డైరీలోనే. ఇక్కడ డైరీ అంటే పాలకేంద్రం కాదు, సందు చివర ఉండే చిల్లర కొట్టు. ఆ కొట్లో కౌంటర్ వెనక కూర్చుంటే ఈ దక్షిణ దీవిలో నా చెవిన పడని సంగతంటూ ఉండదు. గొర్రెలు ఈనినా నాకే ముందు తెలుస్తుంది.

ఆయన పేరు నర్సయ్య. జగిత్యాల దగ్గర ఏదో పల్లె. మనిషి పొట్టి, చేతులు మాత్రం మోకాళ్ల దాకా ఉంటాయి. ఒక్క అంగుళం తక్కువేమో. చిన్నప్పటినుంచీ గోడలకి గిలాబు చేసిన చేతులవి. గిలాబంటే వాళ్ల వైపు ప్లాస్టరింగ్. మస్కట్‌లో కొన్నేళ్లు, దుబాయ్‌లో కొన్నేళ్లు పూశాడు. ఆయన చెప్పే తీరు చూస్తే సగం దుబాయ్ ఆయన చేతిమీదే నిలబడి ఉందని నాకు నమ్మకం. ఆయన మస్కట్‌లో ఉండగానే భార్య పోయింది. పిల్లల్లేరు. భూకంపం తర్వాత ఈ ఊరు మళ్లీ కట్టడానికి మనుషులు చాలక ఒక కంపెనీ ఆయన్ని ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ గోడకి సిమెంటు పూయరు. గోడలకీ కప్పుకీ తెల్ల పలకలు బిగించి, అతుకుల మీద పిండిలాంటి పూత పూసి నున్నగా గీకుతారు. కప్పు పని ఆయనకే ఇచ్చేవాళ్లు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు చేతులూ నెత్తిమీదే.

మొదటిసారి కొట్లోకి వచ్చినప్పుడు, "అక్కా, నువ్వు తెలుగామెవేనా?" అన్నాడు. మాది తెనాలి. ముక్కూమొహం తెలియనివాడు నువ్వంటాడేమిటని నాకు ఒళ్లు మండింది. తర్వాత్తర్వాత అర్థమైంది, ఆయన వైపు మర్యాదకీ ప్రేమకీ ఒకటే నువ్వు. ప్రధానమంత్రి వచ్చి ఎదురుగా నిలబడినా నువ్వనే అంటాడు.

ఒక కివీ ముసలాయన ఇంటి పెరట్లో, వెనకగా వేసిన చిన్న గదిలో ఉండేవాడు. ముసలాయన చెయ్యి ఊపుతాడు, ఈయనా ఊపుతాడు, అంతటితో ఇంటివాళ్లతో మాటలు అయిపోయినట్టు. పనిలో తోటివాళ్లంతా ఫిలిప్పీన్స్‌వాళ్లు, వాళ్ల భాషలో వాళ్లు నవ్వుకుంటారు. పొద్దున్నే "గుడ్ మార్నింగ్ బాస్", సాయంత్రం "సీ యూ బాస్". ఈ రెంటి మధ్య నాలుకతో పని లేదు. ఆదివారం ఆ రెండూ కూడా ఉండవు. అందుకని సాయంత్రం బ్రెడ్ కోసం వచ్చి వెళ్లేవాడు. కాసేపటికి పాల కోసం వచ్చేవాడు. మళ్లీ కాసేపటికి ఏమీ తోచక అగ్గిపెట్టె కోసం వచ్చేవాడు. ఆయన గదిలో పాలు పెరుగై, పెరుగు పుట్టగొడుగులై ఉంటాయని మా ఆయన ఎద్దేవా చేసేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. కొట్లో ఎవరూ లేనప్పుడు నాకూ గోడలే దిక్కు.

ఇట్లా ఉండగా ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఒకరోజు నిచ్చెనమీద ఉండగా భుజంలో పుటుక్కుమని ఏదో తెగినట్టయిందట. ఆ తర్వాత చెయ్యి చెవిదాకా కూడా లేవలేదు. పనిలో దెబ్బ తగిలితే ఇక్కడ వైద్యం ఊరికే చేస్తారు, బాగయ్యేదాకా కడుపు నింపుతారు. కాకపోతే అది పనిలో తగిలిన దెబ్బేనని డాక్టరు చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. బాసు అదే ముక్క ఆయనకి చేతులూ కాళ్లూ ఊపి చెప్పి డాక్టరు దగ్గరికి పంపించాడు.

ఇంగ్లీషు రానివాళ్లకి ఇక్కడ ఫోన్‌లో దుబాసీని ఇస్తారు. ఆ రోజు ఫోన్‌లోకి వచ్చింది శరణ్య అనే పిల్ల. ఆక్లండ్ పక్కన ఆల్బనీలో చదువుకుంటూ ఈ పని చేస్తుంది. అమ్మానాన్నలది గుంటూరు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు బాగానే మాట్లాడుతుంది, ఇంట్లో ఎంత వినపడిందో అంత. అవతలివాళ్లు అన్నది అన్నట్టుగా చెప్పాలి, సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, అది వాళ్ల నియమం. పాపం ఆ పిల్ల నియమం తప్పలేదు.

నర్సయ్య డాక్టరుకి చెప్పుకున్నది ఇది. "నా రెక్క లేస్తలేదు సారు. రెక్కల మీద బతికేటోణ్ణి. రెక్కలు పోయినంక ఇగ నేనెందుకు?"

వాళ్ల వైపు రెక్కంటే చెయ్యి. భుజం నుంచి కిందికి వేలాడేదంతా రెక్కే. మా వైపు జబ్బ అంటాం. రెక్క కోడికి వదిలేశాం. శరణ్యకీ కోడిరెక్కే తెలుసు. అందుకని ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులో చెప్పింది. నా రెక్కలు పైకి లేవడం లేదు, రెక్కలే నా బతుకు, రెక్కలు పోయాక నేను బతకడం దేనికి అని.

డాక్టరు చేతిలో కలం ఆగిపోయిందట. ఏదీ చూపించు అన్నాడట. నర్సయ్య లేచి నిలబడి, పైకి లేచే ఎడమ చెయ్యీ లేవని కుడి చెయ్యీ రెండూ పక్కలకి ఆడించి చూపించాడు. కుర్చీమీంచి లేచే కొంగలాగా ఉండి ఉంటుంది.

భూకంపం తర్వాత ఈ ఊళ్లో డాక్టర్లకి ఒక అలవాటైంది. జ్వరమని వెళ్లినా ముందు నిద్ర పడుతోందా అని అడుగుతారు. ఎంతమంది మనసులు పగిలిపోయాయో వాళ్లు చూశారు. ఆ డాక్టరూ మెల్లగా అడిగాడట, ఒక్కడివే ఉంటావా అని. ఒక్కణ్ణే అన్నాడు. ఎవరితోనైనా మాట్లాడతావా అంటే ఎవ్వరితోటీ లేదన్నాడు. రాత్రి నిద్ర పడుతుందా అంటే రెక్క గుంజి నిద్ర రాదన్నాడు. అన్నీ నిజాలే. ఒక్క మాట తప్పుపోతే మిగతా నిజాలన్నీ వెళ్లి దాని వెనక వరసకట్టాయి.

దాంతో భుజం సంగతి పక్కకి పోయింది. మనసుకి వైద్యం చేసే నర్సమ్మ ఒకావిడ ప్రతి గురువారం ఆయన గదికి రావడం మొదలుపెట్టింది. పేరు హెదర్. తెల్లగా, బొద్దుగా, ముగ్గురు మనుషులకి సరిపోయే నవ్వు. ఫోన్ బల్లమీద పెట్టేది, అందులోంచి శరణ్య పలికేది. పెరటి గదికి మనిషి వస్తున్న వింతని పక్కిల్లు బాగుచేస్తున్న పనివాళ్లు చూశారు, ఏదో విన్నారు, అక్కణ్ణుంచే కబురు ఎగిరింది.

ఈ దేశంలో డాక్టర్లు చెయ్యి పట్టి చూడరేమో, కూర్చోబెట్టి మాట్లాడించి చూస్తారేమో అనుకున్నాడు నర్సయ్య. ఆవిడ అడిగిందానికల్లా ఓపిగ్గా చెప్పాడు. ఈ రెక్కలు నీకు ఎప్పటినుంచి ఉన్నాయంది. పుట్టినప్పటి సంది అన్నాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అంది. అందరికీ ఉన్నాయనీ, వాళ్ల నాయన రెక్కలు ఎంత బలమైనవంటే ఒక్కడే బండి ఎత్తేవాడనీ చెప్పాడు. వాటితో నీకు ఏం చేయాలనిపిస్తుంది అంది. కప్పు దాకా అందుకోవాలె అన్నాడు. ఆవిడ తల ఊపుతూ రాసుకుంది.

ఇదంతా నాకెట్లా తెలుసంటే, ఒక గురువారం శరణ్యకి పరీక్ష ఉండి ఫోన్‌లోకి రాలేదు. ఇంకో దుబాసీ దొరకలేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరైనా తెలుసా అని హెదర్ నర్సయ్యని సైగలతో అడిగితే ఆయన వచ్చి నా కొట్టు చూపించాడు. మా ఆయన్ని కౌంటర్లో కూలేసి నేను పరిగెత్తాను. పిలవని పేరంటానికే వెళ్లేదాన్ని, పిలిస్తే ఆగుతానా.

గది తుడిచిన అద్దంలా ఉంది. మంచం మీద కొత్త దుప్పటి, బల్ల మీద ఉడకబెట్టిన గుడ్లు, బిస్కెట్లు, రెండు కప్పులు. ఒంటి చేత్తో ఎప్పుడు సర్దుకున్నాడో. మనిషి తలకి నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

హెదర్ మొదటి ప్రశ్నే అడిగింది, ఈ వారం రెక్కలు ఎట్లా ఉన్నాయని. ఇంగ్లీషులో అది పక్షి మాట. నాకొచ్చిన ఇంగ్లీషు గుప్పెడే అయినా కోడిరెక్కల పేకెట్ మీద ఆ మాట రోజూ చూస్తాను. నాకు నవ్వు తన్నుకొచ్చింది. "అయ్యో, అది కాదమ్మా" అనబోయి నోరు తెరిచాను.

"ఆగు అక్కా," అన్నాడు నర్సయ్య. హెదర్ వైపే నవ్వుతూ చూస్తున్నాడు. "చెప్పకు."

"చెప్పకపోతే ఎట్లా? నీకు పిచ్చనుకుంటోంది."

"ఎరుకే. ఎగరబుద్ధయితదా అని అడిగింది ఓపాలి. గప్పుడే సమజైంది."

"మరి నోరు మూసుకుని కూర్చున్నావేం? ఆ చెయ్యి ఎండిపోతుంది."

"రెక్కంటే చెయ్యి అని చెప్తె చెయ్యినే చూస్తరు అక్కా. గీమె నన్ను చూస్తున్నది." కప్పు ఆవిడ ముందుకి జరిపాడు. "బేస్తారం వస్తదంటే బుధారం సంది ఇల్లు ఊడ్సుకుంటున్న. మస్కట్ల, దుబాయిల, ఈడ, నా రూంలకు ఒక మనిషి నా కోసమని వచ్చుడు గిదే మొదలు."

హెదర్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమన్నాడని అడిగింది. టీలో చక్కెర చాలా అని అడుగుతున్నాడని చెప్పాను.

ఆ తర్వాత నేను పడ్డ అవస్థ పగవాళ్లకి వద్దు. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని నేను ఏనాడూ ఉండలేదు. పొట్ట ఉబ్బిపోయి చీర కుచ్చిళ్లు నిలబడలేదు. ఎవరికీ చెప్పకుండా మాట మాత్రం అడుగుదామని, కూతురి ఇంటికి వచ్చి ఉన్న సుబ్బరామయ్య మాస్టారు పేపర్ కొనడానికి వచ్చినప్పుడు ఊరికే కదిపాను. ఆయన తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. రెక్కంటే చెయ్యేనా మాస్టారూ, అన్నాను. ఆయన పేపర్ మర్చిపోయి గంటన్నర నిలబడ్డారు. పాతకాలంలో దాన్ని బండి ర పెట్టి రాసేవాళ్లట. అంతకుముందు ఎఱక అనేవాళ్లట. తమిళంవాళ్లది ఇఱక్కై, కన్నడంవాళ్లది రెక్కె, అంతా ఒక తల్లి పిల్లలేనట. మొదట పక్షిదే అయి ఉంటుంది, భుజం దగ్గర అదే చోట వేలాడుతుంది గనక మనిషికీ వచ్చి ఉంటుందని ఆయన ఊహ. పూవుకీ రెక్కలే, ఫ్యానుకీ రెక్కలే. నాకు పావువంతు అర్థమైంది.

"మన వైపు చేతికి పోయిందా ఆ మాట?" అన్నాను.

"ఎక్కడ పోయింది సరోజినమ్మా? రెక్కలు ముక్కలు చేసుకుని కొట్టు నడుపుతున్నానని మొన్న మీ ఆయన్ని తిట్టలేదూ? ఏ రెక్కలనుకున్నావు మరి?"

నేను రోజుకి పదిసార్లు అనే మాట అది. నా నోట్లో ఉండి నాకే తెలియలేదు. గుంటూరువాళ్ల ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ శరణ్య విని, అమ్మ చేతుల గురించి అంటోందని అనుకుని ఉండదు.

నర్సయ్య చెయ్యి మాత్రం రోజురోజుకీ కిందికి దిగిపోతోంది. ముందు భుజం దాకా లేచేది, తర్వాత ఛాతీ దాకా, తర్వాత అన్నం ముద్ద నోటికి తెచ్చుకోవడానికి కూడా ఎడమ చెయ్యి సాయం పట్టాల్సి వచ్చేది. బాసు ఇంకొన్నాళ్లు చూస్తానన్నాడు. నేను కౌంటర్ మీంచి బతిమాలాను, తిట్టాను, బ్రెడ్ ఇవ్వనని బెదిరించాను. వచ్చే బేస్తారం చెప్తా అనేవాడు. బేస్తారం రాగానే గుడ్లు ఉడకబెట్టేవాడు.

చివరికి హెదర్ మంచితనమే ఆయన కొంప ముంచబోయింది. ఈ మనిషికి వైద్యం తనవాళ్ల మధ్య ఉండటమేనని ఆవిడ తేల్చుకుంది. డాక్టరుతో మాట్లాడి ఇంటికి పంపించే ఏర్పాటు చేస్తానని, నీకు సంతోషమేనా అని అడిగిందట. ఆలోచించుకుని వచ్చే వారం చెప్పమంది. ఆ సాయంత్రం నర్సయ్య కొట్లోకి వచ్చి ఏమీ కొనకుండా నిలబడ్డాడు.

"ఇల్లుంది," అన్నాడు. "ఇంట్ల ఎవరున్నరని పోవాలె?"

వచ్చే గురువారం నన్ను రమ్మన్నాడు. ఈసారి శరణ్య ఫోన్‌లో ఉంది. నేను మూల కుర్చీలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. హెదర్ టీ తాగేదాకా ఆగాడు. బిస్కెట్ తినేదాకా ఆగాడు. ఇంకో బిస్కెట్ ఇచ్చి అదీ తినేదాకా ఆగాడు. ఆ తర్వాత చొక్కా గుండీలు విప్పి కుడి భుజం బయటపెట్టాడు. ఎడమ భుజం పక్కన అది ఎండు తునకలా ఉంది.

"సిస్టర్," అన్నాడు. "నో బర్డ్. దిస్."

భుజం నుంచి వేళ్ల దాకా అరచేత్తో నిమిరి చూపించాడు. "గిదే రెక్క. దీన్నే రెక్కంటం మేము."

ఫోన్‌లో శరణ్య ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. నియమం పక్కన పెట్టి తెలుగులో అంది, "అంకుల్, సారీ అంకుల్. మా ఇంట్లో రెక్క అంటే చికెన్‌దే."

"నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు మంచిగనే మాట్లాడినవ్."

హెదర్ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. లేచి వచ్చి ఆ భుజాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎముక పక్కన గుంటలో వేలు పెట్టి నొక్కితే నర్సయ్య పళ్లు బిగించాడు. ఎందుకు చెప్పలేదని అడిగింది. శరణ్య ఆ ప్రశ్న తెలుగులో చెప్పింది. నర్సయ్య నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. "నువ్వు వస్తవని," అన్నాడు. శరణ్య ఆ రెండు మాటలూ అటు అప్పజెప్పింది. ఈసారి ఎక్కడా తప్పు పోలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. భుజానికి ఫోటోలు తీశారు. లోపల నరంలాంటి పట్టీ ఒకటి పూర్తిగా తెగి, లోపలికి ముడుచుకుపోయిందట. తెగిన కొత్తలో అయితే మళ్లీ కప్పుకి పూత పూసేవాడివి, ఇప్పుడు కుడితే భుజం దాకా లేస్తుంది అన్నాడు కోసే డాక్టరు. కోశారు, కుట్టారు. పనిలో దెబ్బేనని ఒప్పుకున్నారు. గోడల కింది సగం పూసే పని ఇస్తానని బాసు మాటిచ్చాడు. వీసా నిలబడింది. చెయ్యి సగం నిలబడింది.

గురువారాలు నిలబడలేదు. మనసులో ఏ జబ్బూ లేదని తేలాక ఆవిడ రావడానికి ఏ కారణమూ లేదు. ఒక్కసారి వచ్చింది, ఆస్పత్రినుంచి తీసుకొచ్చిన రోజు, పూలు పట్టుకుని. నిలబడే మాట్లాడింది. ఆవిడకి ఇంకా నలుగురి ఇళ్లున్నాయి, నిజంగానే రెక్కలు విరిగినవాళ్లవి. నర్సయ్య ఎడమ చేత్తో టీ పెడతానన్నాడు, ఇంకోసారి తాగుతానంది. ఆ ఇంకోసారి రాలేదు. తప్పు పట్టను, ఊరు అట్లా ఉంది.

భుజం సాగదీయించే అమ్మాయి దగ్గరికి నా కారులోనే కొన్నాళ్లు తీసుకెళ్లాను. ఆ అమ్మాయి మోచేతి కింద చెయ్యి వేసి మెల్లగా పైకెత్తి, నొప్పా అని అడిగేది. నర్సయ్య కళ్లు మూసుకుని ఉండేవాడు. ఎత్తి పట్టుకున్నంతసేపూ మొహంలో నొప్పి ఎక్కడా కనపడేది కాదు. దించాక, "కొంచెం ఉందని చెప్పు అక్కా" అనేవాడు. నేను కొంచెం అన్నదాన్ని చాలా చేసి చెప్పేదాన్ని. ఆ అమ్మాయి ఇంకోసారి ఎత్తేది.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి కూడా ఇక రానక్కర్లేదంది. ఆకుపచ్చ రబ్బరు పట్టీ ఒకటి ఇచ్చి, తలుపు గడియకి కట్టుకుని లాగుతుంటే చాలు, ఇంట్లో నీకు నువ్వే చేసుకోవచ్చు అని నేర్పింది.

మొన్న సాయంత్రం గోంగూర పప్పు గిన్నె పట్టుకుని వెళ్లాను. గోంగూర ఈ ఊళ్లో నాకు ఎట్లా దొరికిందో అది వేరే కథ. ఎండకాలమే కానీ గాలి ఎముకలు కొరికేస్తోంది. తలుపు మూసి ఉంది. తట్టాను. లోపల్నుంచి ఊపిరి ఎగబీల్చి వదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. కిటికీలోంచి చూస్తే, పట్టీ తలుపు రెక్కకున్న గడియకి కట్టి, ఇటు చివర కుడిచేతికి చుట్టుకుని, తలుపుకి ఎదురుగా కళ్లు మూసుకుని నిలబడి లాగుతున్నాడు. లాగి, వదిలి, మళ్లీ లాగి.

"తలుపు తియ్యి నర్సయ్యా, పప్పు తెచ్చాను."

"తలుపు తీస్తె పట్టీ ఊడుతది అక్కా," అన్నాడు కళ్లు తెరవకుండా. "కిటికీలకెల్లి పెట్టి పో."

కిటికీ గూట్లో గిన్నె పెట్టాను. లోపల లాగడం ఆగలేదు. కాసేపు నిలబడి, కొట్టుకి వచ్చేశాను.